ఫిల్టర్ విప్పకముందే ఆయిల్‌కు దారి చూపండి

ప్రశ్న: అయ్యా, మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. పదకొండేళ్ళుగా చెన్నై కాసిమేడు హార్బరులో ఒక మర బోటు మీద డ్రైవరుగా పనిచేస్తున్నాను. మా ఇంజన్ ఆరు సిలిండర్లది. దాని ఆయిల్ ఫిల్టర్ స్టార్టర్ మోటారు వెనకాల, చేపల గది అడ్డుగోడకు జానెడు దూరంలో, పడుకోబెట్టినట్టు అడ్డంగా ఉంటుంది. చూపు ఆనదు, ఒక్క చెయ్యి మాత్రమే దూరుతుంది. ఎంత జాగ్రత్తగా విప్పినా ప్రతిసారీ అర లీటరుకు తక్కువ కాకుండా ఆయిల్ ఒలికి బోటు అడుగు నీళ్ళలో కలుస్తోంది. పోయిన నెల అలా కలిసిన ఆయిల్ అడుగు పంపు ద్వారా హార్బరు నీళ్ళలోకి పోయి పక్క బోటువాళ్ళతో పెద్ద తగవు అయింది. ఫిల్టర్‌కు చిల్లు పెట్టి ముందుగా ఆయిల్ దింపుకోమని ఒకరు, ఫిల్టర్‌నే వేరే చోటికి మార్చేయమని ఒకరు, చేపల గది గోడకు కిటికీ కోయించమని ఒకరు చెబుతున్నారు. ఒలకకుండా మార్చే మార్గం ఏమిటి? తీసిన పాత ఆయిల్‌ను ఏం చేయాలి?
— ఒక డ్రైవరు, కాసిమేడు

జవాబు: మీరు అడిగినవి నాలుగు ప్రశ్నల్లా కనిపిస్తున్నా, వాటన్నిటికీ మూలం ఒక్కటే. ఫిల్టర్‌ను ఎలా విప్పాలన్నదాని మీదే మనందరి దృష్టి ఉంటుంది. విప్పిన క్షణంలో దానిలోని ఆయిల్ ఎటు పోతుందన్నది మాత్రం చేతి మీద వేడిగా కారాక గానీ ఆలోచించము. చెన్నై రాయపురంలో ఇంజన్ల పనిలో ఉన్న ముప్పై ఏళ్ళలో నేను చూసిన ఒలుకుళ్ళలో చాలావరకు చేతి నైపుణ్యం లేక జరిగినవి కావు, విప్పకముందు ఆయిల్‌కు ఒక దారి ఏర్పాటు చేయకపోవడం వల్ల జరిగినవే. కాబట్టి మీ ఫిల్టర్ లోపల ఏముందో ముందు చూద్దాం.

డబ్బా నోటి దగ్గర లోపలివైపు పలుచని రబ్బరు పొర ఒకటి ఉంటుంది. ఇంజన్ ఆగినప్పుడు ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా అది ఆపుతుంది. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు బేరింగులకు ఆయిల్ ఆలస్యం లేకుండా అందడానికి ఈ ఏర్పాటు. అంటే సంప్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని) ఆయిల్ మొత్తం తోడేసినా ఫిల్టర్ మాత్రం నిండుగానే ఉంటుంది. పైగా మీ డబ్బా అడ్డంగా ఉంది కాబట్టి, డబ్బా నోటి నడిమి రంధ్రానికి దిగువన ఉన్న ఆయిల్ తనంతట తాను ఇంజన్‌లోకి పోయే మార్గమే లేదు. డబ్బా నోటి అంచున బ్లాకుకు ఆనుకుని ఉండే రబ్బరు రింగు కాస్త వదులైన వెంటనే అది రింగు కింది అంచు నుంచి కారి, ఇంజన్ బ్లాకు వెంబడి పాకి, స్టార్టర్ మీదా ఇంజన్ కింది రబ్బరు దిమ్మల మీదా పడి అడుగుకు చేరుతుంది. మీరు చెప్పిన అర లీటరు లెక్క ఇక్కడే తేలుతుంది. మీ చేతిలో తప్పు లేదు. ఆ అమరికతో ఎవరు విప్పినా అంతే కారుతుంది.

పని మొదలుపెట్టే ముందు రెండు స్విచ్చులు ఆపాలి. మొదటిది అడుగు నీళ్ళు తోడే పంపుది. నీటి మట్టాన్ని బట్టి తనంతట తానే నడిచే రకమైతే, చాలా బోట్లలో దాన్ని మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటారు. మెయిన్ ఆపాం కదా అని మనం నిశ్చింతగా ఉంటే అది తన పని తాను చేసుకుపోతుంది. పోయిన నెల మీకు జరిగింది బహుశా అదే. దాని ఫ్యూజు తీసి జేబులో పెట్టుకోండి, అడుగు శుభ్రమయ్యాకే తిరిగి పెట్టండి. రెండోది బ్యాటరీ మెయిన్ స్విచ్. మీ ఫిల్టర్ స్టార్టర్ మోటారు వెనకాలే ఉంది. స్టార్టర్ మీది లావు వైరు నట్టు ఇంజన్ ఆగి ఉన్నా కరెంటుతోనే ఉంటుంది. చూపు ఆనని చోట ఇనుప రెంచ్ ఒక పక్క ఆ నట్టుకూ మరో పక్క బ్లాకుకూ తగిలితే రెంచ్ అక్కడే అతుక్కుని ఎర్రగా కాలుతుంది, చెయ్యి కూడా కాలుతుంది. పక్కనే ఆయిల్, డీజిల్ ఆవిరి ఉన్న గదిలో ఆ నిప్పు ఎంత దూరం పోతుందో చెప్పలేము. అందువల్ల ఈ రెండో స్విచ్ విషయంలో తొందర ఉందన్న మాట చెల్లదు.

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఈ పని చేయకూడదు, వేటనుంచి వచ్చిన వెంటనే పొగలు కక్కుతుండగానూ చేయకూడదు. ఒక పది నిమిషాలు నిదానంగా నడిపి ఆపి, పావుగంట వదిలేస్తే ఆయిల్ పలుచగా, చెయ్యి ఓర్చుకునే వేడిలో ఉంటుంది. మసి అడుగున పేరుకోకుండా ఆయిల్‌తో పాటే బయటికి వస్తుంది. బోటు ఇంజన్ కింద పళ్ళెం పెట్టి డ్రెయిన్ ప్లగ్ విప్పే జాగా సాధారణంగా ఉండదు కాబట్టి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) గొట్టంలోకి సన్నని పైపు దించి చేతి పంపుతో తోడటమే మంచి పద్ధతి. సంప్ ఖాళీ అయ్యాకే ఫిల్టర్ జోలికి వెళ్ళండి. చేతులకు నైట్రైల్ రబ్బరు తొడుగులు తప్పకుండా వేసుకోండి. వాడిన ఇంజన్ ఆయిల్‌లో కాన్సర్ కలిగించే పదార్థాలు చేరి ఉంటాయి, ఏళ్ళ తరబడి చర్మానికి తగలడం మంచిది కాదు. మన పనివాళ్ళలో ఈ అలవాటు ఇంకా రాలేదని నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. విప్పే రోజుకు ఒక రోజు ముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, కొత్త ఫిల్టర్‌ను చేతిలో పట్టుకుని పాత ఫిల్టర్ ఉన్న చోటిదాకా తీసుకువెళ్ళి వెనక్కి తీసుకురండి. కొత్తది ఖాళీ డబ్బా కాబట్టి ఏమీ కారదు. ఏ పైపు అడ్డం వస్తోంది, ఏ మలుపు దగ్గర డబ్బా నోరు కిందికి వంగిపోతోంది, మణికట్టు ఎక్కడ తిరగడం లేదు అన్నది ఆ రెండు నిమిషాల్లో మీ చేతికి తెలిసిపోతుంది. ఫిల్టర్ ఊడేటప్పుడు సరే, ఊడిన తరువాత దాన్ని బయటికి తెచ్చే దారిలో నోరు తలకిందులవడం వల్లనే సగం ఆయిల్ ఒలుకుతుంది. నోరు పైకి ఉండేలా డబ్బాను ఎక్కడ తిప్పుకోవాలో ముందు రోజే తేల్చుకుంటే మర్నాడు తడబాటు ఉండదు. ఒకవేళ అడ్డం వస్తున్నది రెండు బోల్టులతో ఊడిపోయే వైరు క్లిప్పో, చిన్న బ్రాకెట్టో అయితే దాన్ని ముందే తీసేయండి. అయిదు నిమిషాల ఆ పనికి బద్ధకించి గంటసేపు అడుగు తుడవడం నేను చాలామంది దగ్గర చూశాను.

రెంచ్ విషయానికి వస్తే, బెల్టు రెంచ్, గొలుసు రెంచ్ రెండూ పక్కకు ఊపడానికి జాగా అడుగుతాయి. మీకు ఆ జాగా లేదు. డబ్బా వెనక కొసకు టోపీలా తొడిగే కప్పు రెంచ్ మీ ఫిల్టర్ సైజుకు సరిపోయేది కొనండి. దానికి ఎక్స్‌టెన్షన్ రాడ్డు, మధ్యలో అటూ ఇటూ వంగే జాయింటు తగిలిస్తే మీ చెయ్యి బయటే ఉండి రెంచ్ మాత్రమే లోపల తిరుగుతుంది. అడ్డుగోడ జానెడు దూరంలోనే ఉంది కాబట్టి కప్పు, జాయింటు కలిపి ఆ సందులో పడతాయో లేదో కొనేముందే కొలుచుకోండి. స్క్రూడ్రైవర్‌ను డబ్బాలోకి దిగగొట్టి తిప్పే పద్ధతి మాత్రం వద్దు. రేకు చీరిపోతుంది తప్ప ఫిల్టర్ కదలదు. చీరిన చోటునుంచి ఆయిల్ అన్ని వైపులకూ కారుతుంది, ఆపైన పట్టుకోవడానికి డబ్బా కూడా మిగలదు.

రెంచ్‌తో తిప్పాల్సింది పావు చుట్టు మాత్రమే. బిగుతు విడిచిందని చేతికి తెలిసిన దగ్గర ఆగిపోవాలి. రబ్బరు రింగు ఇంకా బ్లాకును ఆనుకునే ఉండాలి. రెంచ్ బయటికి తీసేసి, అప్పుడు సంచి తొడగాలి. సంచి అంటే కూరగాయల దుకాణంలో ఇచ్చే పలుచని కవరు కాదు, నోరు బిగించే వీలున్న మందపాటి ప్లాస్టిక్ సంచి, ఫిల్టర్ కన్నా రెండింతల పొడవున్నది. దాని అడుగున గుప్పెడు బనియన్ వేస్టు (తుడవడానికి వాడే గుడ్డ పేలికలు) వేసి, డబ్బా మొత్తం లోపలికి వచ్చేలా తొడిగి, సంచి పై అంచును రబ్బరు రింగు గీతకు పైన బ్లాకుకు ఆనించి పట్టుకోవాలి. ఫిల్టర్ కూర్చునే మెడ చుట్టూ లావు రబ్బరు బ్యాండు పట్టే వీలుంటే మరీ మంచిది. ఆ పైన సంచి బయటినుంచే డబ్బాను పట్టుకుని చేత్తో నెమ్మదిగా విప్పండి. కారే ఆయిల్ అంతా సంచిలో చేరుతుంది. సగం చుట్టు తిప్పి ఆగండి, పది నిమిషాలు ఊరుకోండి, కారడం తగ్గాక మళ్ళీ సగం చుట్టు. సంచికి కిందగా, ఇంజన్ పక్కన, అయిదు లీటర్ల వంటనూనె క్యాన్‌ను అడ్డంగా కోసి ఒక దోనెలా చేసి పెట్టుకుంటే సంచి దాటి వచ్చిన బొట్లు కూడా అందులో పడతాయి. ఆ క్యాను ప్లాస్టిక్ మెత్తగా వంగుతుంది కాబట్టి ఎంత ఇరుకు సందులోనైనా బ్లాకు ఆకారానికి ఒదిగి కూర్చుంటుంది. కొనే పళ్ళేలు అలా ఒదగవు.

చిల్లు సంగతి. ఆ సలహా ఇచ్చినవారు తప్పు చెప్పలేదు, సగం చెప్పారు. నీళ్ళ సీసాను బోర్లిస్తే లోపలికి గాలి పోయే దాకా నీళ్ళు సరిగా దిగవు. ఫిల్టర్ కూడా అంతే. అందుకని మొదటి చిల్లు డబ్బా పైభాగాన, అన్నిటికన్నా ఎత్తైన చోట పెట్టాలి. గాలి లోపలికి పోయి, నడిమి రంధ్రం మట్టం దాకా ఉన్న ఆయిల్ ఇంజన్‌లోకే దిగిపోతుంది. అరగంట ఆగి, రెండో చిల్లు అన్నిటికన్నా కిందిచోట, దానికింద దోనె పెట్టుకుని వేస్తే మిగిలిన సగం కూడా ధారలా దోనెలోకి దిగుతుంది. రెండు చిల్లులకూ సుత్తితో కొట్టే మొనదేలిన పంచ్ చాలు. డ్రిల్లు వాడకండి, ఇనుప పొట్టు చిందుతుంది. ఈ పద్ధతితో దాదాపు ఖాళీ డబ్బా చేతికి వస్తుంది. కాని ఒక్కసారి చిల్లు పడితే ఆ ఫిల్టర్‌తో ఇంజన్ ఇక నడవదు. ఆ తరువాత డబ్బా బిగుసుకుపోయి ఊడకపోయినా, తెచ్చిన కొత్త ఫిల్టర్ మరలు కలవకపోయినా బోటు అక్కడే ఆగిపోతుంది. అందుచేత హార్బరులో కట్టి ఉన్నప్పుడు, సరైన కొత్త ఫిల్టర్ చేతిలో ఉన్నప్పుడు, రెంచ్‌తో పావు చుట్టు ముందే వదులు చేశాకే చిల్లు పెట్టాలి. సముద్రం మీద ఉండగా ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మీ అమరికకు సంచి ఒక్కటే సరిపోతుందని నా అంచనా. రెండు మూడు సార్లు ప్రయత్నించినా సంచి అంచు నిలవకపోతే చిల్లు దాకా వెళ్ళండి.

ఫిల్టర్ బయటికి వచ్చాక ఇంకొక్క విషయం చూడకుండా కొత్తది ఎక్కించవద్దు. నేను పనిలో చేరిన కొత్తలో, ఇలాగే చూపు ఆనని చోట ఉన్న ఫిల్టర్‌ను మార్చి, బోటును వేటకు పంపాను. హార్బరు గోడ దాటిన కాసేపటికే ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోయిందని డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. ఆ మనిషి గమనించాడు కాబట్టి ఇంజన్ బతికింది. తీరా చూస్తే పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఊడి రాకుండా బ్లాకుకే అతుక్కుని ఉండిపోయింది. దాని మీద నేను రెండో రింగు బిగించాను. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి నిలవవు, ప్రెషర్ ఎక్కగానే పక్కకు జారి ఆయిల్ మొత్తం బయటికి చిమ్ముతుంది. ఆనాడు ఒలికింది అర లీటరు కాదు, సంప్ అంతా. అప్పటినుంచి పాత ఫిల్టర్ నోటికి రింగు ఉందో లేదో మొదట చూస్తాను, తరువాత బ్లాకు మీద ఆ వలయం చుట్టూ వేలితో పూర్తిగా ఒకసారి తడుముతాను. మీరు అదనంగా ఫోన్ కెమెరాను లోపలికి దించి టార్చి వేసి ఒక ఫొటో తీసి చూసుకోవచ్చు. ఈ సదుపాయం మా కాలంలో లేదు.

కొత్త ఫిల్టర్ రింగుకు కొత్త ఆయిల్ వేలితో పూయండి. డబ్బా చుట్టూ మార్కర్‌తో నాలుగు నిలువు గీతలు, పావు చుట్టుకు ఒకటి చొప్పున, గీసుకోండి. ఇరుకులో ఎంత తిప్పామో తెలియని ఇబ్బంది దీనితో పోతుంది. మర సరిగా పట్టిందని చేతికి తెలిసేదాకా తొందరపడవద్దు. రింగు బ్లాకును తాకిన తరువాత సాధారణంగా ముప్పావు చుట్టు చాలు. డబ్బా మీద వేరే కొలత అచ్చువేసి ఉంటే అదే పాటించండి. చేత్తోనే బిగించాలి. రెంచ్‌తో బిగించినవాళ్ళే తరువాతిసారి స్క్రూడ్రైవర్ దిగగొట్టాల్సి వస్తుంది. మరలు కలిసినంత మాత్రాన ఫిల్టర్ సరైనదని అనుకోవద్దు. లోపలి రబ్బరు పొర, ఆయిల్ వడగట్టే కాగితం మూసుకుపోయినప్పుడు తెరుచుకునే బైపాస్ వాల్వు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటాయి. మీ ఇంజన్ పుస్తకంలోని నంబరుతోనే కొనండి.

నిలువుగా ఉండే ఫిల్టర్‌నైతే ఆయిల్‌తో నింపి ఎక్కించవచ్చు. మీది అడ్డంగా ఉంటుంది కాబట్టి నింపితే ఎక్కించేటప్పుడే మళ్ళీ ఒలుకుతుంది, ఖాళీగానే ఎక్కించండి. దానికి బదులు సంప్‌లో ఆయిల్ పోశాక, ఇంజన్ ఆపే స్టాప్ లివర్ లాగిపట్టుకుని, ఇంజన్ అంటుకోకుండా పది సెకన్లు స్టార్టర్‌తో తిప్పి, అర నిమిషం ఆగి మళ్ళీ తిప్పండి. ప్రెషర్ ముల్లు కదలగానే లివర్ వదిలి స్టార్ట్ చేయవచ్చు. మీ బోటులో పొగ గొట్టంలోకి సముద్రపు నీళ్ళు వదిలే ఏర్పాటు ఉంటే ఇలా ఎక్కువసేపు తిప్పినప్పుడు ఆ నీళ్ళు సైలెన్సరు నిండి సిలిండర్లలోకి వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది. ముందు ఆ నీటి వాల్వు మూసి తిప్పి, స్టార్ట్ చేసేటప్పుడు మరవకుండా తెరవండి. స్టార్టయ్యాక పది సెకన్లలోపు ప్రెషర్ రాకపోతే ఆపేయాలి. అయిదు నిమిషాలు నడిచాక తెల్లటి పొడి కాగితాన్ని రింగు చుట్టూ తిప్పి చూడండి. కంటికి కనిపించని చెమ్మ కాగితం మీద మచ్చగా కనిపిస్తుంది. మొదటి వేటలో గంట తరువాత ఇంకోసారి చూస్తే చాలు.

ఇక ఫిల్టర్‌ను వేరే చోటికి మార్చడం. శాశ్వతమైన పరిష్కారం అదే, నేను మీ ఓనరుగారికి గట్టిగా సిఫారసు చేసేదీ అదే. కాని అరకొరగా చేస్తే ఇప్పటి కష్టం కన్నా పెద్ద కష్టం అవుతుంది. ఇప్పుడు ఫిల్టర్ ఉన్న చోట ఒక అడాప్టర్ ప్లేటు బిగించి, అక్కడినుంచి రెండు హోసులు తీసుకువచ్చి, నిలబడి చేయగలిగే చోట, మర పైకి డబ్బా కిందికి ఉండేలా ఫిల్టర్ దిమ్మెను అమర్చుతారు. అలా వేలాడే ఫిల్టర్ విప్పితే ఆయిల్ గిన్నెలో ఉన్నట్టు డబ్బాలోనే ఉండిపోతుంది, కింద చిన్న దోనె పెడితే సరిపోతుంది. ఇందులో ప్రాణమంతా హోసులదే. ఒక హోసు పగిలినా, ఊడినా నిమిషం లోపలే ఇంజన్ ఆయిల్ మొత్తం పోతుంది, ఇంజన్ పట్టేస్తుంది. కాబట్టి నీళ్ళ హోసు, డీజిల్ హోసు పనికిరావు. వేడి ఇంజన్ ఆయిల్‌కూ దాని ప్రెషర్‌కూ తగినదని తయారీదారు ముద్ర వేసిన హోసే వాడాలి. రెండు చివర్లా ఫిట్టింగులు మిషన్ మీద ప్రెస్ చేయించాలి, క్లిప్పులు బిగించి సరిపెట్టకూడదు. పొగ గొట్టానికి దూరంగా, ఇంజన్ ఊగుడుకు ఎక్కడా రాసుకోకుండా కట్టాలి. పొగ గొట్టానికి వేడి తగలకుండా చుట్టిన తాడు మీద ఆయిల్ పడితే అది వత్తిలా పీల్చుకుని అంటుకుంటుంది. ఇంజన్ గది మంటలకు ఇది తెలిసిన కారణమే. మరొకటి: వచ్చే హోసు, పోయే హోసు తారుమారైతే నేను మొదట చెప్పిన రబ్బరు పొర ఎదురు తిరిగి మూసుకుంటుంది, ఇంజన్‌కు ఆయిల్ అందదు. రెండు హోసులకూ రెండు రంగుల టేపు చుట్టించండి.

ఈ పనికి వేళ కూడా ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అప్పుడు బోట్లన్నీ ఎలాగూ మరమ్మతుకు ఎక్కుతాయి. హోసులు చెన్నై జార్జిటౌన్‌లో చేయించుకుని, అమర్చిన తరువాత హార్బరులో కట్టి ఉంచి రెండు మూడు గంటలు నడిపి చూసుకునే తీరిక ఆ రెండు నెలల్లో దొరుకుతుంది. వేటకూ వేటకూ మధ్య ఒక్క రాత్రిలో చేయించవద్దు.

చేపల గది గోడకు కిటికీ కోయించే ఆలోచన మానుకోండి. ఆ గోడ ఇంజన్ వేడినీ, పొగనూ, నీళ్ళనూ చేపల దగ్గరికి రాకుండా ఆపడానికి ఉంది. కోసిన చోట మంచు కరుగుతుంది, డీజిల్ వాసన చేపలకు పడుతుంది. అడుగున ఒక గదిలోకి నీళ్ళు వస్తే రెండో గదిలోకి రాకుండా కాచేది కూడా ఆ గోడే. ఏడాదికి నాలుగైదు సార్లు చేసే పని కోసం దాన్ని బలహీనం చేయకూడదు.

చివరిగా పాత ఆయిల్. ఎంత జాగ్రత్తపడ్డా నాలుగు బొట్లు అడుగుకు పడవచ్చు. వాటి మీద సబ్బునీళ్ళు గానీ, అంట్ల సబ్బు ద్రావణం గానీ పోయకండి. పైన కనిపించే పొర మాయమైనంత మాత్రాన ఆయిల్ పోదు; విడిపోయి నీళ్ళ లోపలికి దిగుతుంది, ఇక దాన్ని తీసే మార్గం ఉండదు. తెల్లటి పాలీప్రొపిలిన్ పీల్చుడు గుడ్డలు పారిశ్రామిక భద్రతా సామగ్రి దుకాణాల్లో దొరుకుతాయి. అవి నీళ్ళను పీల్చవు, ఆయిల్‌ను మాత్రమే పీలుస్తాయి. నీళ్ళ మీద పరిచి తీసేస్తే చాలు. పసిపిల్లల డైపర్లు వాడేవాళ్ళను చూశాను. డైపర్ లోపలి గుళికలు నీళ్ళనే పీలుస్తాయి గానీ ఆయిల్‌ను కాదు. పొడి చోట పడిన ఆయిల్‌ను దానిలోని దూది కొంత పట్టుకుంటుంది. అడుగు నీళ్ళలో వేస్తే మాత్రం నీళ్ళు తాగి ఉబ్బి, ఆయిల్‌ను అక్కడే వదిలేస్తుంది.

2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని చమురు తీరానికి కొట్టుకువచ్చినప్పుడు, దాన్ని జనం బకెట్లతో ఎత్తి పోయడం మీరు కాసిమేడులో ఉండే చూసి ఉంటారు. ఆ రోజుల్లో చేపలు కొనేవాళ్ళు వెనకాడారు. మన అర లీటరు దానితో పోల్చదగింది కాదు, నిజమే. కాని హార్బరు లోపలి నీళ్ళు కదలని నీళ్ళు, వందల బోట్ల అర లీటర్లు అక్కడే నిలుస్తాయి. పక్క బోటువాళ్ళ కోపంలో న్యాయం ఉంది. వీలుంటే మీరే వెళ్ళి, పంపు ఫ్యూజు సంగతి చెప్పి, ఇకపై ఏం చేయబోతున్నారో చెప్పండి.

వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లింగువారికి చేరేదారిలోనే దాన్ని ఇవ్వాలి. సెంట్రింగు రేకులకు పూయడానికని కొనుక్కుపోయేవాళ్ళు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చినా వారికి వద్దు, అది చివరికి మట్టిలోకే పోతుంది. తీసిన ఫిల్టర్‌ను నోరు కిందికి పెట్టి, వెనక కొసకు ఒక చిల్లు వేసి, కనీసం 12 గంటలు క్యాన్ మీద బోర్లించి ఉంచండి. లోపల మిగిలింది కూడా దిగుతుంది. ఆయిల్ క్యానుకు మూత గట్టిగా బిగించి, దాని మీద వాడిన ఇంజన్ ఆయిల్ అని తెలుగులోనూ తమిళంలోనూ రాసి పెట్టండి. అందులో అడుగు నీళ్ళు, కిరోసిన్, రేడియేటర్ కూలెంటు ఏవీ కలపకండి; కలిస్తే రీసైక్లింగువారు తీసుకోరు.